పిట్టమెట్ట రేవు

సప్తమి

తీగ ఆఫీసు వారికి.

మీ ఊరికి వచ్చిన పరాయి మనిషి తన ప్రయాణం గురించి రోజు విడిచి రోజు ఈ పలక మీద నాలుగు ముక్కలు రాయాలట. రాయకపోతే మర్నాడు తీగ బుట్ట తలుపు తెరుచుకోదని స్టేషన్‌లో మీ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ బెదిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అయినా రాస్తున్నాను. నా పేరు వన్నూరమ్మ. తాడిపత్రిలో నాపరాళ్ళ కొట్టు నడుపుతాను. విశాఖపట్నం రావడం ఇదే మొదలు. సముద్రం చూడటం కూడా.

స్టేషన్ బయటికి వచ్చి చూస్తే రోడ్డు లేదు. రోడ్డేదీ అని నేను వెతుక్కుంటూ నిలబడితే వెనకవాళ్ళు విసుక్కున్నారు. ఇంతలో పెద్ద బుట్ట ఒకటి తీగకు వేలాడుతూ వచ్చి నా ముందు ఆగి, "దూరమా అండీ?" అని అడిగింది. మొదట్లో "ఎక్కడికండీ" అని అడిగేదట. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతుందా ఇది, శకునం పాడు చేసిందని సగం మంది ఎక్కకుండా ఇంటికి పోయేవాళ్ళట. ఇప్పుడు దూరమా అంటుంది, మనమే చెప్పాలి. "పిట్టమెట్ట రేవు" అన్నాను. మీ ఊళ్ళో గాల్లో దిగే చోటును కూడా రేవనే అంటారని ఇక్కడుండే మా అక్క ముందే చెప్పింది. బుట్ట ఇష్టం లేని పని చెప్పించుకున్న కోడలి లాగా నెమ్మదిగా లేచింది.

అందులో నాతోబాటు ఇంకో నలుగురున్నారు. నలుగురూ నిద్రలో ఉన్నారు. కింద ఒకప్పటి రోడ్డు పొడుగునా బెండ మడులు. సిగ్నల్ స్తంభాలకు సొరపాదులు పాకించారు. ఫ్లైఓవర్ మీద మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి. తర్వాత మబ్బులోకి వెళ్ళాం. భాద్రపదం మబ్బు, తెల్లగా, తడిగా. ఆ తెలుపులో పక్క తీగ మీద ఎవరో కూనిరాగం తీసుకుంటూ పోయారు, మనిషి కనబడలేదు. ఎదురొచ్చిన బుట్టలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి నా చేతిలో ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్క పెట్టి మబ్బులో కలిసిపోయింది. ఎవరిచ్చారో తెలియదు. తినేశాను.

మబ్బు విడిపోయాక సముద్రం కనబడింది. దాని గురించి ఏమీ రాయను. నోరు తెరుచుకుని చూశాను, అంతే.

పిట్టమెట్ట కొండ మీద రేవులో మా ఓబులక్క చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. మా పెద్దమ్మ కూతురు. ముప్పై ఏళ్ళ క్రితం ఇక్కడి హార్బరు ఉద్యోగిని చేసుకుని వచ్చింది. ఆయన పోయాడు. పిల్లల్లేరు. ఇప్పుడు దీని కిడ్నీలు కూడా పోయాయి. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు హార్బరు ఆసుపత్రికి వెళ్ళి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటోంది. కాళ్ళలో సత్తువ లేదు. నన్ను చూడగానే దాని మొదటి మాట ఇది.

"ఏమే, ఇంత నల్లగైనావు? రాళ్ళు కోస్తాండావా, రాళ్ళ మీద పడుకుంటాండావా?"

నాకు ఏడుపొచ్చింది. దాని చెయ్యి పుల్ల లాగా ఉంది.

నవమి

ఇవాళ నేనెక్కడికీ పోలేదు. రేవు ఎదురుగా అక్క ఇంటి అరుగు. దాని మీద కూర్చుని వచ్చేపోయే బుట్టల్ని చూశాను. మీ తీగలన్నిటినీ సముద్రమే లాగుతుందట కదా. హార్బరులో పెద్ద చక్రాలు, వాటిని తిప్పేది అలల పోటు. పోటు మీద బుట్టలు పరిగెడుతున్నాయి. ఆటు వచ్చేసరికి తూగుతూ నిలబడుతున్నాయి. అప్పుడు లోపలివాళ్ళు నిద్రపోతారు. ఈ ఊళ్ళో ఆలస్యానికి ఎవరూ ఎవర్నీ తిట్టరు. నేనైతే మూడో నిమిషంలోనే తిడతాను.

ఒక సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. పక్కింటి నూకాలు చేపల గంప నెత్తిన పెట్టుకుని కొండమెట్ల మీదుగా నడిచి దిగింది. కళ్ళ ముందే ఖాళీ బుట్ట ఉంది, అయినా ఎక్కలేదు. మధ్యాహ్నం మాత్రం బుట్టలో వచ్చి దిగింది. వెనకింటి సింహాచలం హార్బరులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన. ఆయనా అంతే, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగాడు, గంటకల్లా బుట్టలో తిరిగొచ్చాడు. చేతిలో ఏమీ లేదు.

"ఏ పని మీద పోయినారన్నా?" అని అడిగాను.

"పనేటుంటది సెల్లెమ్మా, నా వంతు. పోయినప్పుడు కాళ్ళు, వొచ్చినప్పుడు బుట్ట. అదే మా పని."

అప్పుడు చెప్పాడు. పౌర్ణమి నాడు పెద్ద పోటు వస్తుంది. ఊళ్ళో తీగలు విప్పి మార్చేది ఆ పోటు బలంతోనే. ఆ నెలంతా ఒక రేవులో వచ్చి దిగినవాళ్ళ కన్నా ఎక్కి వెళ్ళినవాళ్ళు ఎక్కువైతే, అక్కడ జనం ఖాళీ అయిపోతున్నట్టు మీ లెక్క. సముద్రంలోంచి చంద్రుడు పైకొచ్చే వేళకి లెక్క కట్టేసి, ఆ తీగను లాగి టవర్లు లేస్తున్న వైపు సాగదీస్తారు. అందుకని మెట్ట మీది ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని నడిచి దిగి, బుట్టలో వస్తున్నారు. అక్క నడవలేదు. అది పోయిన ప్రతిసారీ ఒకటి పోతుంది, వచ్చినప్పుడు ఒకటి వస్తుంది. దిగినవాళ్ళ లెక్కలో మిగులు కూడబెట్టేది మిగతావాళ్ళే.

"ఇది ఒళ్ళు గుల్ల చేసుకునే పని కదన్నా, ఆఫీసుకు పోయి అడగకూడదా?"

"అడిగినామమ్మా. వోళ్ళు శానా మర్యాదస్తులు. కాఫీ ఇచ్చినారు."

ఏకాదశి

అక్కతో ఆసుపత్రికి వెళ్ళాను. బుట్టలో పావుగంట.

ఈ ఊరు కూర్చున్న చోట కూర్చోదు. మొన్న మబ్బులో పోయేటప్పుడు చూసిన కొండకు ఇవాళ నెత్తి మీద ఇరవై అంతస్తులున్నాయి. "నిన్న లేవే ఇవి?" అంటే, "పొద్దున్న పెట్టినారు" అని పక్కన కూర్చున్నాయన కళ్ళు తెరవకుండా చెప్పాడు. అద్దాల గోడలకు మబ్బులు తగిలి జారుతున్నాయి. ఒక గోడలో మా బుట్ట కనబడింది, అందులో నేనూ అక్కా. అక్క నా భుజం మీద తల ఆనించుకుని ఉంది. బావుంది చూడటానికి. ఇద్దరం చిన్నపిల్లల్లా ఉన్నాం.

తర్వాత ఒక గుట్ట దాటాం. గుట్ట మీద స్తంభం ఉంది, తీగ లేదు. ముప్పై ఇళ్ళుంటాయేమో, కొన్నింటికి తాళాలు. ఒకావిడ మిద్దె మీద నిలబడి మా బుట్టకేసి తువ్వాలు ఊపుతోంది. "ఆగు, ఆగు" అన్నాను. బుట్టకు మా మాట వినబడుతుంది కానీ రేవు లేని చోట ఆగడం తెలియదు. నిద్రపోయేవాళ్ళు నిద్రపోతూనే ఉన్నారు. ఆమె తువ్వాలు దించి భుజం మీద వేసుకునేదాకా చూశాను.

"ఆ పచ్చ తలుపుల ఇంట్లో పార్వతీశమని ఉండేటోడు. నా పక్క మిషన్ ఆయనదే. భలే నవ్విచ్చేటోడులే" అంది అక్క.

"ఇప్పుడు ఏ ఆసుపత్రికి పోతాడు?"

"ఏ ఆసుపత్రికీ పోడు."

మిగతా దారంతా నేను సముద్రాన్ని చూడలేదు.

తీగ ఆఫీసు వారూ, ఏమనిపించిందో రాయమన్నారు కదా. భయమేసింది. మీ బుట్టలు బావున్నాయి, మీ మబ్బు బావుంది, నాకు మాత్రం భయమేసింది.

త్రయోదశి

ఇవాళ ఒక వంతు నేను తీసుకున్నాను. వద్దని అక్క గోల. చుట్టంగా వచ్చినదానితో పని చేయిస్తామా అని నూకాలు గోల. నేను వినలేదు. మెట్లు చాలాచోట్ల విరిగిపోయి ఉన్నాయి. నాకు రాయి సంగతి తెలుసు కాబట్టి ఏది కదులుతుందో చూసుకుని దిగాను. కింద రేవులో బుట్ట ఎక్కి "పిట్టమెట్ట" అని చెప్పేటప్పుడు ఏదో గెలిచినంత సంబరం. పైకొచ్చి దిగితే అరుగు మీదున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒక మనిషి బుట్ట దిగితే చప్పట్లు కొట్టే ఊరు ఇంకెక్కడైనా ఉందా?

ఈ నెల పరిస్థితి బాగాలేదు. మెట్ట మీది ఒక మేస్టారి ఇంట్లోవాళ్ళు మొత్తంగా టవర్లకు మారిపోయారు. వాళ్ళను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పులిహోర కట్టిచ్చి, రేవు దాకా వచ్చి, ఏడ్చి పంపించారట. దాంతో కూడబెట్టిన మిగులు కరిగిపోయి ఏడు దగ్గర ఆగింది. ఇంకా రెండు రోజులుంది. చాలు అంటున్నాడు సింహాచలం. పౌర్ణమి సాయంత్రం నా రైలు. నేను కూడా మెట్ల మీదుగానే దిగి స్టేషన్‌కు పోవాలని, నా సంచి ఆయన మోయాలని అనుకున్నాం.

సాయంత్రం అక్క జుట్టుకు నూనె రాశాను. జుట్టు పిడికెడు కూడా లేదు.

"టవర్లలో ఆసుపత్రి పక్కనే ఉంటాదంట కదక్కా. అక్కడికే పోయి ఉండకూడదా?" అన్నాను. ఇన్నాళ్ళూ గొంతులోనే ఉన్న మాట అది.

"ఉండొచ్చు. ఆడ తలుపులన్నీ వాటికవే మూసుకుంటాయంట. కళ్ళు తిరిగి పడితే నన్ను లేపేదెవరు? ఈడైతే నేను దగ్గినా నూకాలు వచ్చి తిడతాది." తల వెనక్కి తిప్పి, "నాకు ఈడ ఉండాలని ఉందే వన్నూరా. శానా ఉంది" అంది.

అది ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు.

పౌర్ణమి

రాయడానికి చేతులు రావడం లేదు. అయినా వరసగా రాస్తాను.

మధ్యాహ్నం పెద్ద వాన పడింది. మెట్ల మీద పాచి తేలి, నీళ్ళు కాలవ కట్టాయి. నేను సంచి సర్దుకుని చెప్పులు చేత్తో పట్టుకున్నాను. అక్క అరుగు మీంచి అరిచింది.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఆ జారుడు మెట్ల మీద పంపిస్తానా? కాలిరిగితే మా పెద్దోళ్ళకు ఏం మొగం చూపించేది? బుట్టలో పో."

"ఒకటి తగ్గుతుందక్కా."

"తగ్గనీ. మిగులు ఉండాది కదా."

సింహాచలం కూడా లెక్క చూసుకుని సరేనన్నాడు. నిన్నటి వంతులతో కలిపి మిగులు తొమ్మిదికి చేరింది. ఒకటి పోతే ఎనిమిది. నూకాలు నాకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. బుట్ట వచ్చింది. అక్క కుర్చీని ముందుకు తోసుకుంది. "స్టేషన్ దాకా వస్తా. ఎన్నేళ్ళకొచ్చినావు, రేవులోనే వదిలేస్తానా?" అక్క వస్తే కుర్చీ పట్టుకోవడానికి నూకాలు రావాలి. సంచి, ఆవకాయ జాడీ మోయడానికి సింహాచలం రావాలి. నలుగురం ఎక్కాం. అప్పటికి కూడా ఫరవాలేదు. వాళ్ళు ముగ్గురూ బుట్టలోనే తిరిగొస్తారు, ఆ మూడూ మళ్ళీ చేరతాయి.

బయల్దేరగానే మబ్బు కమ్మింది. వెనక ఏముందో కనబడలేదు.

స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఐదు నిమిషాలకు ఎదురింటి దంపతులు వచ్చారు. "మీరూ వొచ్చీసినారేటి?" అని నూకాలు నవ్వింది. వాళ్ళ వెనక చివరింటి అత్తాకోడళ్ళు, పూల దండతో. వాళ్ళ వెనక మిగతా ఇళ్ళవాళ్ళంతా. నన్ను సాగనంపుతున్నది తామొక్కరే అనుకుని ఎవరికి వాళ్ళు ఒక్కో బుట్టలో బయల్దేరారు. మబ్బులో ఒక బుట్ట ఇంకో బుట్టకు కనబడలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నా జన్మలో నన్ను పంపడానికి అంతమంది రాలేదు. తొమ్మిది రోజులుండి పోయే రాళ్ళ కొట్టు మనిషికి పెళ్ళి జనం. పిట్టమెట్ట మీద ఎవరూ మిగల్లేదని ఎవరికీ తట్టలేదు.

రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. కదలాల్సిన వేళ అయింది, కదల్లేదు.

సింహాచలం ఆకాశం కేసి చూశాడు. "బేగి ఎల్లాలి. సంద్రుడొచ్చేత్తాడు, లెక్క కట్టీత్తారు."

"పోండి, పోండి" అన్నాను. నిజం చెప్పాలి. ఎదుటివాళ్ళు పోరని తెలిసి మర్యాదకు అంటామే, అలా అన్నాను.

"బండి కదలకుండా ఎలాగెల్తాం వదినా? బాగోదు" అంది నూకాలు.

ఎవరూ కదల్లేదు. నీళ్ళ సీసా ఉందా అని ఒకరు, ఊరు చేరగానే ఫోన్ చెయ్యమని ఒకరు. అక్క కిటికీ చువ్వల్లోంచి నా వేళ్ళు పట్టుకుని ఉంది. మెల్లగా వాన మబ్బు తొలగి, ప్లాట్‌ఫారం చివర సముద్రం మీద చంద్రుడు పైకి వచ్చాడు. ఎర్రగా, ఇంత పెద్దగా. అందరూ అటు తిరిగి "అబ్బా!" అన్నారు. నేను కూడా అన్నాను. అంత అందమైన చంద్రుణ్ణి నేను ఎన్నడూ చూడలేదు.

తర్వాత నూకాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు రైలు కూత వేసింది. నేను సంచి కిందికి విసిరి, దూకేశాను. మోకాలు గీరుకుపోయింది. ఎందుకు దిగానని ఎవరూ అడగలేదు. అందరం రేవుకు పరిగెత్తాం. బుట్ట వచ్చి ఆగింది.

"దూరమా అండీ?"

"పిట్టమెట్ట రేవు" అంది అక్క.

"ఆ పేరుతో రేవు లేదండీ."

"పిట్టమెట్ట" అంది మళ్ళీ, గట్టిగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు.

"ఆ పేరుతో రేవు లేదండీ. దూరమా అండీ?"

మూడోసారి అక్క అడగలేదు. అప్పటికే పెద్ద పోటు వచ్చి ఊళ్ళో తీగలన్నీ మోగుతున్నాయి. మా తీగ కొండ మీంచి విడివడి, వెన్నెల్లో మెరుస్తూ, మెల్లగా టవర్ల వైపు పోయింది. చూడటానికి అది కూడా బావుంది. ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

కొండ కిందిదాకా ఇంకో బుట్టలో పోయాం. అక్కణ్ణించి అక్కను కుర్చీతో సహా మెట్ల మీద మోసుకుంటూ పైకి తెచ్చాం. దారి పొడుగునా అది తిడుతూనే ఉంది. "బుద్ధుందా మీకు? ఒక్కరన్నా ఇంటికాడ ఉండకూడదా? అదేమన్నా సీమకు రాణీనా? పోతే పోయింది, రైలెక్కి పోయేది కదా!" నూకాలు ఏడుస్తూ మోసింది. నేను కుర్చీ ముందు కాలు పట్టుకున్నాను. దాని బరువెంతో నాకు తెలిసింది. మా కొట్లో రెండు పలకల బరువు కూడా లేదు.

పాడ్యమి

నా అతిథి గడువు నిన్నటితో తీరిపోయింది. పలక ఇంకా పనిచేస్తోంది కాబట్టి రాస్తున్నాను. తాడిపత్రికి ఫోన్ చేసి, కొట్టు ఇంకొన్నాళ్ళు చూసుకొమ్మని మా ఆయనకు చెప్పాను. ఎన్నాళ్ళని అడిగాడు. తెలియదన్నాను.

ఇవాళ అక్క ఆసుపత్రి రోజు. తెల్లవారగానే మెట్లు దిగడం మొదలుపెట్టాం. కుర్చీకి రెండు గెడలు కట్టాడు సింహాచలం. భుజాలు మార్చుకుంటూ దిగాం. పాచి ఉన్న చోట నేను ముందు దిగి రాయి ఊపి చూసి, సరేనన్నాక వాళ్ళు అడుగేశారు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని గెడ పట్టుకుంది. పావుగంట దారికి మూడు గంటలు పట్టింది. నర్సు గడియారం చూసింది, మా బట్టలు చూసింది, అక్కను లోపలికి తీసుకుపోయింది.

ఇలా ఎన్నాళ్ళు మోస్తారని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను, రాత్రంతా నన్ను నేనే. వానలు తగ్గలేదు. సింహాచలానికి డెబ్బై దాటాయి.

అక్కకు సూది గుచ్చి మిషన్ తిప్పారు. ఇంక నాలుగు గంటలు పడుతుంది. నేను బయటికొచ్చి, "మీరు ఇళ్ళకు పోండి, పనులు చూసుకోండి. అయ్యాక కబురు చేస్తాను" అన్నాను. ఈసారి మర్యాదకు అనలేదు, మనసారా అన్నాను. నూకాలు గంపలో చేపలు అమ్మాల్సి ఉంది. చివరింటి అత్తకు నడుం పట్టేసింది.

"ఆయమ్మ బయటికి రాకుండా ఎలాగెల్తాం?" అంది నూకాలు.

ఆసుపత్రి గోడ వారన వరసగా కూర్చున్నారు, పిట్టమెట్ట మొత్తం. ఎవరో వక్కపొడి పంచారు. గాజు తలుపులోంచి అక్క తల ఇటు తిప్పి చూసింది. వాళ్ళంతా అక్కడే ఉన్నారని చూసుకుంది. చూసుకుని, నిద్రపోయింది.